సవరణ చేతికిచ్చి రావాలి

షాట్‌పుట్‌లో గెలిచిన ఒక అమ్మాయి ఫోటో పెట్టి, ఆమె అసలు ఆడపిల్లే కాదన్న అర్థం వచ్చేలా ఫేస్‌బుక్‌లో రాశాను. రాసింది నేనే. నా ఫోన్ ఎవరూ దొంగిలించలేదు. నా ఖాతాలోకి ఎవరూ చొరబడలేదు. పొద్దున చాయ్ తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, రెండుసార్లు చదువుకుని, భేషుగ్గా ఉందనుకుని పెట్టాను.

ఆ మాటలు ఇక్కడ తిరిగి రాయను. సవరణ వేసేటప్పుడు తప్పును మళ్లీ అచ్చు వేయకూడదని నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన సంగతి ముందుకు వస్తుంది.

ఆటల వార్తలు రాసే పనిలోకి కొత్తగా దిగే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ అనుభవాలు రాయండి సార్ అంటుంటారు. ఏ పెద్ద ఆటగాడితో చెయ్యి కలిపాను, ఏ స్టేడియంలో ఎక్కడ కూర్చున్నాను, అవి కావాలి వాళ్లకు. అవి రాయను. అవి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, సగం అబద్ధాలు. నేను చేసిన పని అసలు ఏమిటో ఈ తప్పు చేశాకే నాకు తెలిసింది కాబట్టి దీని గురించే రాస్తాను.

పేర్లు పెట్టడం

మాది మరమగ్గాల ఇల్లు. ఏడో తరగతితో నా బడి ఆగింది. పగలంతా మగ్గాల చప్పుడు, సాయంత్రం గ్రంథాలయం. పేపరును వెనక నుంచి చదివేవాడిని, ఆటల పేజీ అక్కడే ఉండేది కాబట్టి. అలా చదివీ చదివీ రాయడం వచ్చింది. గురువు లేడు, పట్టా లేదు. ప్రెస్‌మీట్లలో నా భాష విని నవ్విన ఎం.ఏ.లు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో చెప్పగలను. నన్ను ఎవరేమన్నారో ఒక్కటీ మర్చిపోలేదు. నేను ఎవరినేమన్నానో మాత్రం ఒకరు గుర్తుచేస్తే తప్ప గుర్తురాదు. నాకున్న జ్ఞాపకశక్తి అటువంటిది.

ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా మొదలయ్యాను. అప్పట్లో జిల్లా పేజీలో ఆటలకు బెత్తెడు చోటు. ఫోటో పడదు. పాఠకుడికి ఆటగాడు కనపడాలంటే ఒక్క మాటతో చూపించాలి. అందుకని పేర్లు పెట్టేవాళ్లం. ఈ పనిలో అందరికీ ఉన్న అలవాటే అది, నాకు కొంచెం ఎక్కువ. కబడ్డీలో మూలన పొంచి ఉండి కాలు దొరికితే వదలని కుర్రాడికి ‘ఉడుము’ అని పెట్టాను. మర్నాడు ఊరంతా అదే పేరు. ఆయన ఇప్పుడు వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో నడుపుతున్నాడు, ఆటో వెనక అద్దం మీద ‘ఉడుము’ అని రాయించుకున్నాడు. నన్ను చూస్తే ఆటో ఆపి, “అన్నా, పేరు పెట్టినోనివి, ఎక్కు” అంటాడు.

ఇలాంటివి చూసి, మనుషులకు పేర్లు పెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నాను.

కొట్టేసే చెయ్యి

లింగమూర్తి సార్ మా డెస్క్ ఇన్‌చార్జి. మేం పంపిన వార్తలు దిద్ది పేజీలో పెట్టే మనిషి. మొదటి వార్త తీసుకెళ్లిన రోజు దాన్ని చదవకుండానే అడిగారు.

“ఏమయ్యా సమ్మయ్యా, ఎవరు గెలిచిండ్రు?”

“మూడో పేరాల ఉన్నది సార్.”

“మూడో పేరా దాక ఎవడు చదువుతడు? చాయ్ చల్లారక ముందే స్కోరు తెల్వాలె. స్కోరు మొదలు. నీ ముచ్చట్లన్ని తర్వాత.”

ఆయన చేతిలో ఎర్ర సిరా కలం ఉండేది. ‘ఉడుము’ను ఉంచారు. లావుగా ఉన్న ఒక గోల్‌కీపర్‌కు పేరు పెడితే కొట్టేశారు. నల్లగా ఉన్న ఒక రన్నర్‌కు పెట్టింది కొట్టేశారు. కొట్టేసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “ఇది ఆట ముచ్చటనా, మనిషి ముచ్చటనా?”

ఒకసారి ఎదురు చెప్పాను. “చదివేటోళ్లు నవ్వుతరు సార్.”

“నవ్వేటోడు ఇంట్ల కూసోని నవ్వుతడు. ఏడ్సేటోడు ఆఫీసుకొస్తడు. అప్పుడు నువ్వుండవు. నేనే కుర్చీ ఏసి కూసోబెట్టాలె ఆయన్ని.”

ఆయన మీద నాకు కోపం ఉండేది. దాచుకోను. చదువుకున్న మనిషి, చదువులేనివాడి మాట జనంలోకి పోతుంటే చూసి ఓర్వలేకపోతున్నాడని ఇంట్లో తిట్టేవాడిని. నా మంచి వాక్యాలన్నీ ఆయన చెత్తబుట్టలో ఉన్నాయని చాలామంది దగ్గర చెప్పుకున్నాను.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. వేరే డెస్కులలో దాన్ని నేను చూడలేదు. ఒకసారి బడిపిల్లల ఖోఖో ఫైనల్‌కు వెళ్లడానికి బద్ధకించి, ఒక జట్టు పీఈటీ సారుకు ఫోన్ చేసి, తమ జట్టే గెలిచిందని ఆయన చెప్పిందే రాసుకున్నాను. వాన పడి ఆట మధ్యలో ఆగిందనీ, మర్నాడు పొద్దున పూర్తిచేశారనీ, గెలిచింది రెండో జట్టనీ ఆ తర్వాత తెలిసింది. ఆయన సవరణను అదే పేజీలో, తప్పు పడిన చోటే వేశారు. పేపరు నా చేతికిచ్చారు.

“తీస్కపోయి ఆ పిల్లలకు ఇచ్చి రా.”

“పోస్టుల పంపుదాం సార్.”

“తప్పు పోస్టుల పోయిందా? నీ చేతులకెళ్లి పోయింది. సవరణ గూడ నీ చేతులకెళ్లే పోవాలె.”

బస్సెక్కి వెళ్లాను. ప్రార్థన సమయానికి చేరాను. ఆ జట్టు కెప్టెన్, రెండు జడల పిల్ల, నా చేతిలోంచి పేపరు తీసుకుని వరుసల ముందు నిలబడి ఆ సవరణ గట్టిగా చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. బడంతా చప్పట్లు కొట్టింది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను, ఎటు చూడాలో తెలియక జెండా కర్ర వైపు చూస్తూ.

మా దగ్గర తప్పు రాసిన ప్రతివాడూ ఇలా వెళ్లాల్సిందే. దాంతో తప్పులు బాగా తగ్గాయి. సిగ్గుకు భయపడి అని చెప్పను. బస్సు ప్రయాణానికి బద్ధకించి.

డెస్క్ లేని చోటు

రిటైరయ్యాక ఫోన్ కొనుక్కున్నాను. ఫేస్‌బుక్‌లో పాత ఆటగాళ్ల ముచ్చట్లు రాస్తుంటే జనం బాగానే చదివేవారు. అక్కడ లింగమూర్తి సార్ లేరు. రాసింది రాసినట్టు పడుతుంది. ఇన్నేళ్లకు నాకు స్వరాజ్యం వచ్చిందనుకున్నాను.

ఎంపికల గురించి ఒక క్రీడా సంఘం పెద్దలతో నాకు పాత తగాదా ఉంది. వాళ్లు చేసే పనులు నాకు తెలుసు, ఇప్పటికీ వాళ్లు నిజాయితీపరులని అనను. ఆ షాట్‌పుట్ పోటీలో నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న హనుమకొండ అమ్మాయి రెండో స్థానంలో నిలిచింది. నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న రజిత గెలిచింది. గుండు పడ్డచోటును కొలిచేటప్పుడు టేపు పట్టింది సంఘం మనిషేనని ఎవరో ఫోన్‌లో చెప్పారు. నేను మైదానానికి వెళ్లలేదు. ఖోఖో పాఠం అక్కడే మర్చిపోయాను.

సాయంత్రానికి ఫోటో వచ్చింది. శాలువాలతో సంఘం పెద్దలు, మధ్యలో రజిత. రాత్రంతా ఉడికిపోయాను. తెల్లారి రాశాను. పెద్దల పేర్లు రాస్తే కేసు వేస్తారు, ఫోన్ చేసి బెదిరిస్తారు. మధ్యలో నిలబడ్డ పిల్ల ఏం చేస్తుంది? అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అప్పుడు అలా ఆలోచించానని కాదు. చెయ్యి దానంతటది మెత్తటి చోటు చూసుకుంది.

మధ్యాహ్నం దాకా నవ్వుబొమ్మలు వరుసగా పడ్డాయి. “అన్నా, నీ కలం పదును తగ్గలే” అన్నాడొకడు. నేను తిట్టదలచిన సంఘం పెద్దల్లోనే ఒకాయన ఫోన్ చేసి మరీ నవ్వాడు. పొద్దు వాలేసరికి గాలి మారింది. నవ్వినవాళ్లే తిట్టడం మొదలుపెట్టారు. ఫోన్‌లో నవ్విన ఆ పెద్దమనిషి నా మాటలను తీవ్రంగా ఖండిస్తున్నట్టు ప్రకటన ఇచ్చాడు. నన్ను తిట్టే ప్రతివాడూ ఆ పిల్ల ఫోటోనూ నా మాటలనూ కలిపి ఫోన్‌లో బొమ్మ తీసి, ఛీ అని పైన రాసి, ఊరూరా తిప్పాడు. ఆమె పక్షాన నిలబడ్డామంటూ ఆమెను వీధివీధికీ చూపించారు. నాకు ఈ కోపం ఇంకా ఉంది, ఉంటుంది. కాని మొదటి నిప్పు ఎవరు పెట్టారంటే నేను నోరు మూసుకోవాలి.

రాసింది తీసేశాను. తీసేస్తే పోతుందా?

మర్నాడు రజిత కోచ్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా వార్తల్లో పేరు పడాలని నా వెంట తిరిగిన అథ్లెటే ఆయన.

“సమ్మన్నా, పిల్ల గ్రౌండుకు వస్తలేదు. హాస్టల్‌ల పోరగాండ్లు, పోరగాండ్లేంది, ఆడపిల్లలే, ఏదో అన్నరట. పెట్టె సదురుకోని ఇంటికి పోయింది. నేషనల్ క్యాంపుకు పేరియ్యాలె నేను. రాను సార్ అంటాంది.”

“నేను మాట్లాడాల్నా?”

“నువ్వు మాట్లాడింది సరిపోయింది అన్నా,” అని పెట్టేశాడు.

మొదటి క్షమాపణ

ఆ సాయంత్రమే ఒకటి రాశాను. నా వ్యాఖ్యల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నాననీ, ఎంపిక విధానాన్ని ప్రశ్నించడమే నా ఉద్దేశమనీ. పనిచేసినన్నాళ్లూ ఇలాంటి ప్రకటనలు నా బల్ల మీదికి వచ్చేవి. అంపైర్‌ను కొట్టినవాడు, ఆటగాళ్లను బూతులు తిట్టినవాడు, అందరిదీ ఇదే పాట. చదివి నవ్వుకునేవాడిని. నా వంతు వచ్చేసరికి అదే పాట నాకు కంఠతా వచ్చి ఉంది. ఆ ప్రకటనలో ఆ పిల్ల లేదు. నేను చేసిన తప్పు లేదు. ఉన్నది నేనూ నా ఉద్దేశమూ.

రెండు రోజులకు లింగమూర్తి సార్ రమ్మన్నారని కబురొచ్చింది. హనుమకొండ సుబేదారిలో ఉంటారు. గడప దాటి బయటికి రాలేని వయసు. చూపు తగ్గింది. కోడలు పేపరుతో పాటు ఫోన్‌లో వచ్చేవి కూడా చదివి వినిపిస్తుందట. సార్ నన్ను కూర్చోమనలేదు.

“నువ్వు రాసింది విన్న. సవరణ గూడ విన్న.”

“అవును సార్. పెట్టిన.”

“తీస్కపోయి ఇచ్చినవా?”

“ఫేస్‌బుక్‌ల పెడితే అందరికి పోతది సార్.”

“అందరి ముచ్చట నేను అడుగుతలేను. ఆ పిల్ల చేతికిచ్చినవా?”

కోడలు మంచినీళ్లు తెచ్చింది. తాగాను. తాగాక అడిగాను.

“సార్, ఇది మీ చేతికొస్తే కొట్టేసేటోళ్లు గద?”

ఆయన నవ్వారు. పళ్లు లేవు. “గట్లాంటియి ఎన్ని కొట్టేసిన్నో నీకేం ఎరుక? నీ పేరు నిలబెట్టనీకే నా ఎర్ర సిరా అంత అయిపోయింది సమ్మయ్యా.”

మెట్లు దిగుతుంటే నాకు గోల్‌కీపర్ గుర్తొచ్చాడు, ఆ నల్లటి రన్నర్ గుర్తొచ్చాడు. ఇద్దరూ నేను దారిలో కనపడితే నమస్తే పెడతారు. నేను వాళ్లకు పెట్టిన పేర్లు వాళ్లకు తెలియవు కాబట్టి పెడతారు. జనం నన్ను మంచి రాతగాడన్నారంటే, అందులో సగం నేను రాసింది, సగం ఆయన కొట్టేసింది. ఆ సగాన్ని ద్వేషిస్తూ బతికాను.

మిరపకాయల కల్లం

కాగితం మీద కొత్తగా రాసుకుని నెక్కొండ ప్యాసింజర్ ఎక్కాను. స్టేషన్ నుంచి ఆటోలో పల్లెకు. ఇంటి పక్క కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. రజిత తల్లి కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. నేనెవరో చెప్పాను. చెయ్యి ఆగలేదు.

“నువ్వేనా?” అంది.

ఘాటుకు నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్లవెంట నీళ్లు కారాయి. ఆమె అప్పుడు తల ఎత్తింది.

“ఏడుస్తున్నవా, ఘాటుకా?”

“ఘాటుకే అమ్మా.”

“మంచిది. అబద్ధమాడలే.”

కూర్చోమని గోనెపట్టా చూపించింది. కూర్చున్నాను. ఆమె తాలుకాయ ఒకటి పక్కకు విసిరి మొదలుపెట్టింది.

“దాని నాయిన టేషన్ల గూడ్సు కాడ బస్తాలు మోస్తడు. ఆయన భుజాలే దానికొచ్చినయి. బస్తాలు మోసేటోని బిడ్డకు భుజాలుండొద్దా సారూ?”

“ఉండాలె అమ్మా.”

“మరి గా ముచ్చట రాయకపోతివి.”

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

“నువ్వు రాసినంక వాడకట్టోళ్లు ఒక్కొక్కలే వచ్చి, పిల్లకు పానం మంచిగుందా, దవాఖానల చూపిచ్చిండ్రా అని అడిగిండ్రు. ఏం రోగమని చూపియ్యాలె? గెలిచిన రోగమా?” చేతిలో ఉన్న కాయ కింద పెట్టింది. మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. “అది పుట్టినప్పుడు మంత్రసానికి చీర పెట్టిన. ఆడపిల్ల పుట్టిందని. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటివి.”

ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఎవరో ఉన్నారని తెలుస్తోంది. నేను తలుపు వైపు తిరిగి చెప్పాను: అమ్మా రజితా, నేను రాసింది అబద్ధం. పెద్దోళ్ల మీది కోపం నీ మీద తీర్చుకున్న. నువ్వు బయటికి రావద్దు, మాఫ్ చెయ్యొద్దు, గ్రౌండుకు మాత్రం పో. తలుపు కదల్లేదు. కాగితం తల్లి చేతికిచ్చాను.

“ఇస్త. సదువుతదో పొయ్యిల పెడతదో దాని ఇష్టం,” అంది. లేచి నిలబడుతుంటే మళ్లీ పిలిచింది. “సారూ. మళ్ల రాకు. నువ్వొస్తే ఊరోళ్లు మళ్ల యాది చేసుకుంటరు.”

క్షమాపణ చెప్పడానికి వెళ్లడం కూడా వాళ్లకొక భారమని తిరుగు రైల్లో తెలిసింది. ఈ ముక్క లింగమూర్తి సార్ కూడా నాకు చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదు. మా కాలంలో సవరణ వెళ్లేటప్పటికి తప్పు ఆ ఊరి పొలిమేరలోనే ఉండేది.

రెండో క్షమాపణ, ఆ తర్వాత

ఆ కాగితంలో ఉన్నదే, ఆమె పేరు, ఫోటో లేకుండా, ఫేస్‌బుక్‌లో పెట్టాను. ‘ఉంటే’లూ ‘ఉద్దేశం’లూ లేవు. కోచ్‌ను బతిమాలి, పొద్దున ప్రాక్టీసుకు వచ్చిన పిల్లల ముందు స్టేడియంలో చదివాను. కొందరు పిల్లలు విన్నారు, కొందరు బూట్లు కట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో మాత్రం మళ్లీ పొగడ్తలు మొదలయ్యాయి. పెద్ద మనసు, గొప్ప గుణం, ఈ కాలంలో ఎవరు చెప్తారు సార్ ఇలా. అబ్బ, ఎంత మండిందో. నా తప్పుకు చప్పట్లు కొట్టారు, క్షమాపణకూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఎలా ఉందని మాత్రం ఒక్కడూ అడగలేదు. వ్యాఖ్యలు రాయకుండా తాళం వేశాను.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది తక్కువ. మీకు డెస్క్ ఉంటే, మీ వాక్యం కొట్టేసినవాడి మీద ఒక్కరోజు ఆగి కోప్పడండి. డెస్క్ లేకపోతే, రాసింది చదివి వినిపించడానికి ఎవరినైనా వెతుక్కోండి, నవ్వని మనిషిని. మైదానానికి వెళ్లకుండా రాయకండి. ఇంతకన్నా నాకు తెలియదు.

తర్వాత చాలాకాలం ఏ కబురూ లేదు. కోచ్‌ను అడగాలంటే భయం. ఆయన ఎదురుపడితే తల అడ్డంగా ఊపేవాడు, ఇంకా రాలేదని. క్యాంపుకు పేర్లిచ్చే గడువు దగ్గరపడింది. స్టేడియం పక్కనుంచి పోతూ షాట్‌పుట్ వేసే వలయం వైపు చూసేవాడిని. దాని మీద ఎండుటాకులు.

మొన్న పొద్దున ఫోన్‌లో తెలియని నంబరు నుంచి ఒక సందేశం వచ్చింది. ఒక్క అక్షరం దిద్దకుండా, ఒక్క మాట కొట్టేయకుండా ఇక్కడ ఇస్తున్నాను.

“సార్, నేను రజిత. మీ కాయితం అమ్మ ఇచ్చింది. పొయ్యిల పెట్టలే. మాఫ్ చేసిన్నా అంటే ఇంక చెయ్యలే, చేస్తనో లేదో నాకే తెల్వదు. కానీ ఒకటి అడుగుతాన. మీరు ముందు రాసిన దాంట్ల, తర్వాత రెండుసార్లు మాఫీ అడిగిన దాంట్ల, ఒక్క దాంట్ల గూడ నేను గుండు ఎంత దూరం ఏసిన్నో లేదు. నేనెట్లుంటనో జిల్లా అంత తెల్సింది. ఎంత ఏసిన్నో ఎవ్వలికి తెల్వదు. సోమవారం నుంచి గ్రౌండుకు వస్తాన. క్యాంపుకు పేరిచ్చిన. కోచ్ సార్ ఒక్కడే కొలుస్తడు, టేపు రెండో కొస పట్టెటోళ్లు లేరు. మీకు తీరితే రాండ్రి. ముచ్చట పెట్టకుండ్రి. టేపు మీద ఎంతుంటే అంత రాయుండ్రి.”